మ్యాన్ పేజీని ప్రోగ్రామ్ చేతే రాయించడం: ఎంతవరకు నమ్మవచ్చు?

అక్షరశిల్పి — శనివారం, ఉదయం 9:40

సభ్యులందరికీ నమస్కారం. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌ను నేను ఆరేళ్లుగా నడుపుతున్నాను. పైథాన్‌లో రాశాను, ఆప్షన్ల సంగతి ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ చూసుకుంటుంది, ఇప్పటికి ఇరవైమూడు ఆప్షన్లు చేరాయి. తొలి విడుదలప్పుడు మ్యాన్ పేజీని, అంటే టెర్మినల్‌లో మ్యాన్ కమాండ్‌తో తెరుచుకునే మాన్యువల్‌ను, రాఫ్ అనే పేజీ అమరిక భాషలో నేనే చేత్తో రాశాను. ఆ తర్వాత దాన్ని తెరిచి దిద్దింది రెండుసార్లే.

పోయిన వారం ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో కంపోజింగ్ చేసే మిత్రుడు ఫోన్ చేశారు. ఒక సావనీరు కోసం నలభై ఫైళ్లు మార్చవలసి ఉండగా, ఆయన ముందుగా మ్యాన్ పేజీ తెరిచి, 'మూల ఫైలు యథాతథంగా ఉంటుంది, మార్చిన పాఠం వేరే ఫైలులోకి వెళ్తుంది' అన్న వాక్యం చదివి, దాన్ని నమ్మి కమాండ్ ఇచ్చారు. అయితే రెండో వెర్షన్ నుంచి నా ప్రోగ్రామ్ మూల ఫైలు మీదే రాస్తోంది. మూలం మిగలాలంటే --కీప్ అనే ఆప్షన్ ఇవ్వాలి. కొన్ని ఒత్తులు తప్పుగా మారిన చోట పోల్చి చూసుకోవడానికి ఆయనకు మూలం మిగలలేదు, రాత్రంతా కూర్చొని ఆ పేజీలు తిరిగి కంపోజ్ చేశారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ మాన్యువల్ చదివి పని మొదలుపెట్టిన మనిషికి, చదివినందువల్లనే నష్టం జరిగిందన్న సంగతి నన్ను వదలడం లేదు.

అందుకే అడుగుతున్నాను. ప్రోగ్రామ్ మారినప్పుడల్లా మ్యాన్ పేజీ దానంతట అదే మారేలా చేయవచ్చునా? ఎవరు ఏ పనిముట్టు వాడుతున్నారు, దానితో మీ అనుభవం ఏమిటి?


ప్యాకేజీలపని — శనివారం, ఉదయం 11:15

అక్షరశిల్పి గారూ, ఈ పనికి అందరూ ముందుగా చెప్పేది హెల్ప్‌టుమ్యాన్. డెబియన్ అనే లినక్స్ పంపిణీ డెవలపర్ బ్రెండన్ ఓడే పెర్ల్‌లో రాసిన ఈ పనిముట్టు గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగంగా ఉంది. అది మీ సోర్స్ కోడ్ జోలికి పోదు. మీ ప్రోగ్రామ్‌ను ఒకసారి --హెల్ప్‌తోనూ ఒకసారి --వెర్షన్‌తోనూ నడిపి, బయటికి వచ్చిన పాఠాన్ని చదివి, ఏది వాడుక వాక్యమో, ఏది ఆప్షనో, ఏది వివరణో వాటి అమరికను బట్టి పోల్చుకొని, రాఫ్ మ్యాక్రోలతో మ్యాన్ పేజీగా రాసి ఇస్తుంది. ప్రతి ప్రోగ్రామ్ ఈ రెండు ఆప్షన్లకూ జవాబివ్వాలని గ్నూ కోడింగ్ ప్రమాణాలు అడుగుతాయి కనుకనే ఈ పద్ధతి సాధ్యమైంది. ఎల్ఎస్, సీపీ, ఎంవీ మొదలైన కోర్‌యుటిల్స్ కమాండ్లకు మనం రోజూ చూసే మ్యాన్ పేజీలు ఇలా పుట్టినవే.

అయితే అమరికను బట్టి పోల్చుకుంటుంది కాబట్టి అమరిక తప్పితే పోల్చుకోలేదు. ఆప్షన్ వరుస ఎడమ అంచు నుంచి కొంత లోపలికి జరిగి ఉండాలి, ఆప్షన్‌కూ వివరణకూ మధ్య కనీసం రెండు ఖాళీలుండాలి. ఒక్క ఖాళీయే ఉంటే వివరణలోని తొలి మాటలు ఆప్షన్‌లో కలిసిపోతాయి. కొందరి ప్రోగ్రాములు సహాయ పాఠాన్ని లోప సందేశాలు వెళ్లే స్టాండర్డ్ ఎర్రర్‌లోకి పంపుతాయి. అప్పుడు హెల్ప్‌టుమ్యాన్ తనకేమీ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది, ఎర్రర్ ప్రవాహాన్ని పారేయవద్దని దానికి విడిగా ఒక ఆప్షన్ ఇవ్వాలి.

ఇంకొక ముఖ్య విషయం. ఏమీ చెప్పకుండా నడిపితే నేమ్ విభాగంలో 'ఫలానా ప్రోగ్రామ్, ఫలానా వెర్షన్‌కు మాన్యువల్ పేజీ' అన్న అర్థం వచ్చే వాక్యాన్ని పెట్టేస్తుంది. అది చదివితే ప్రోగ్రామ్ ఏం చేస్తుందో తెలియదు. పైగా అప్రోపోస్, వాట్ఈజ్ కమాండ్లు వెతికేది ఆ ఒక్క వాక్యంలోనే. మీ ప్రోగ్రామ్ పేరు తెలియని మనిషి 'యూనికోడ్' అని వెతికితే, ఆ మాట నేమ్ వాక్యంలో లేకపోతే మీ పేజీ అతనికి కనబడదు. --నేమ్ ఆప్షన్‌తో ఆ వాక్యాన్ని మీరే ఇవ్వండి. నేను ప్యాకేజీలు పరిశీలించేటప్పుడు మొట్టమొదట చూసేది ఈ వరుసనే.

డెబియన్ పాలసీ పన్నెండో అధ్యాయం ప్రకారం ప్రతి ప్రోగ్రామ్‌కూ మ్యాన్ పేజీ ఉండాలి, లేకపోతే దాన్ని బగ్‌గానే లెక్కిస్తారు. ప్యాకేజీలను పరీక్షించే లింటియన్ అనే పనిముట్టు కూడా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను తప్పించడానికే హడావిడిగా తయారుచేసి పెట్టిన పేజీలు చాలా ఉన్నాయి. మీ ఉద్దేశం అది కాదని తెలుస్తోంది కనుక ఇంత వివరంగా రాశాను.


పాతటెర్మినల్ — శనివారం, మధ్యాహ్నం 1:05

నేను కొంత భిన్నంగా చెప్పవలసి ఉంది. సహాయ పాఠాన్నే మ్యాన్ పేజీగా అచ్చువేస్తే చదివేవారికి ఒకే పాఠం రెండు చోట్ల దొరుకుతుంది, అంతే. --హెల్ప్ చూసి అర్థం కాకనే కదా మ్యాన్ పేజీ తెరుస్తారు? అక్కడ కూడా అదే ఒంటి వరుస వివరణ ఎదురైతే ఆ మనిషి ఇక మాన్యువల్ తెరవడమే మానుకుంటాడు.

యూనిక్స్ తొలి మాన్యువల్ 1971 నవంబరు 3 తేదీతో ఉంది. కెన్ థామ్సన్, డెనిస్ రిచీ రాశారు. ఆ పేజీలను ఒకసారి తెరిచి చూడండి. నేమ్, సినాప్సిస్, డిస్క్రిప్షన్, ఫైల్స్, సీ ఆల్సో, డయాగ్నస్టిక్స్, బగ్స్ అన్న విభాగాలు అప్పుడే ఉన్నాయి. చివర ఓనర్ అని ఇంకొక విభాగం ఉండేది. ఆ కమాండ్‌కు బాధ్యులెవరో వారి లాగిన్ పేరు అక్కడ రాసేవారు. నా ప్రోగ్రామ్ ఇక్కడ సరిగా పనిచేయదని రాసినవాడే మాన్యువల్‌లో ఒప్పుకొని, కింద తన పేరు పెట్టుకున్నాడన్నమాట. బగ్స్ విభాగాన్ని ఏ జనరేటర్ రాయగలదు? ఆప్షన్ ఉందని, ఆప్షన్లను చదివే కోడ్ అయిన పార్సర్‌కు తెలుస్తుంది, ఆ ఆప్షన్ ఎప్పుడు వాడకూడదో దానికి తెలియదు.

యూనిక్స్ నుంచి వచ్చిన బీఎస్‌డీ వ్యవస్థల వారి దారి వేరు. ఎండాక్ మ్యాక్రోలతో చేత్తో రాస్తారు. ఏది ఆప్షన్, ఏది ఆర్గ్యుమెంట్, ఏది ఫైలు దారి అన్నది ఆ మ్యాక్రోలే చెబుతాయి కనుక, పేజీ ఎలా కనబడాలన్నది రాసేవారికి పట్టింపు ఉండదు. మ్యాన్‌డాక్ అనే పనిముట్టుకు లింట్ రీతి ఉంది, తప్పులుంటే వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఒక ఆప్షన్ మారితే దాని మ్యాన్ పేజీ కూడా అదే మార్పుతో పాటు మారాలని పట్టుబడతారు. యంత్రం అక్కడ కూడా ఉంది, కానీ అది పరీక్షిస్తుంది, రాయడం మనిషే రాస్తాడు. నాకు ఆ విభజన సరైనదనిపిస్తుంది.


తుంగభద్రతీరం — శనివారం, సాయంత్రం 4:30

పాతటెర్మినల్ గారు చెప్పిన దానిలో న్యాయముంది. అయితే హెల్ప్‌టుమ్యాన్ ఒక్కటే జనరేటర్ కాదు. అచ్చైన సహాయ పాఠాన్ని చదివి ఊహించడం ఒక పద్ధతి అయితే, ఆప్షన్ల నిర్వచనాన్ని పార్సర్ నుంచే నేరుగా తీసుకోవడం రెండో పద్ధతి. రస్ట్‌లో క్లాప్ లైబ్రరీతో పాటు క్లాప్ మ్యాన్‌జెన్ ఉంది. గోలో కోబ్రా లైబ్రరీ తన డాక్ ప్యాకేజీ ద్వారా ప్రతి ఉపకమాండ్‌కూ విడివిడిగా మ్యాన్ పేజీ రాస్తుంది. మీ పైథాన్‌కు ఆర్గ్‌పార్స్ మ్యాన్‌పేజ్ అనే మాడ్యూల్ ఉంది, అది పార్సర్ వస్తువునే తీసుకొని పేజీ కడుతుంది. వీటిలో ఖాళీల లెక్క, వరుసల విరుపు అడ్డురావు, ఎందుకంటే పాఠాన్ని ముక్కలు చేసి ఊహించవలసిన అవసరమే లేదు.

ఫైళ్లలో పాఠాన్ని వెతికే రిప్‌గ్రెప్ అనే ప్రోగ్రామ్ ఉదాహరణ చూడండి. అంతకుముందు దాని మ్యాన్ పేజీ తయారవ్వాలంటే ఆస్కీడాక్టర్ అనే వేరే ప్రోగ్రామ్ కూడా ఉండవలసి వచ్చేది. 2023లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ప్రోగ్రామ్‌కే --జనరేట్ అనే ఆప్షన్ పెట్టారు, దానికి 'మ్యాన్' అని చెబితే రాఫ్ పాఠాన్ని అదే అచ్చువేస్తుంది. ప్రతి ఆప్షన్‌కూ కోడ్‌లోనే ఒక చిన్న వివరణ, ఒక పెద్ద వివరణ పక్కపక్కన రాసి ఉంటాయి. చిన్నది పొట్టి సహాయంలోకి, పెద్దది పొడవైన సహాయంలోకీ మ్యాన్ పేజీలోకీ వెళ్తుంది. అంటే పాతటెర్మినల్ గారు కోరిన మనిషి రాత అక్కడ పోలేదు. ఆప్షన్ ఎక్కడ పుట్టిందో దాని పక్కనే ఉంది కనుక, కోడ్ మార్చే చేతికి అది తగలక తప్పదు.

పెర్ల్ వారు దీన్ని తిరగేసి చేశారు. స్క్రిప్ట్‌లోనే పాడ్ అనే పెర్ల్ పత్ర రూపంలో పూర్తి మాన్యువల్ రాసి, పాడ్‌టుమ్యాన్‌తో మ్యాన్ పేజీని తీస్తారు, పాడ్‌టుయూసేజ్‌తో సహాయ పాఠాన్ని కూడా అందులోంచే తీస్తారు. సహాయం నుంచి మాన్యువల్‌కు పోకుండా మాన్యువల్ నుంచి సహాయానికి వచ్చారన్నమాట.


ప్యాకేజీలపని — శనివారం, సాయంత్రం 6:10

అక్షరశిల్పి గారూ, పనిముట్టు ఎంచుకునే ముందు ఒక సంగతి చూసి చెప్పండి. ఆ ప్రెస్ మిత్రుడు వాడిన వెర్షన్‌లో --హెల్ప్ పాఠం ఏమంటోంది? మూల ఫైలు గురించి అందులో ఉన్న వాక్యం సరైనదేనా? మీ మ్యాన్ పేజీ ఒక్కటే పాతబడిందా, లేక రెండూ పాతబడ్డాయా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.


అక్షరశిల్పి — శనివారం, రాత్రి 9:50

ఆ వెర్షన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూశాను. ప్యాకేజీలపని గారు అడగకపోతే నాకు తట్టేదే కాదు. --హెల్ప్ పాఠం పైభాగంలో నేను ప్రోగ్రామ్ గురించి రాసిన పరిచయ వాక్యం ఉంది. అందులో కూడా 'ఇచ్చిన ఫైలును మార్చకుండా' అన్న పాత మాటే ఉంది. --కీప్ ఆప్షన్ పక్కన 'మూల ఫైలును ఉంచుతుంది' అని మాత్రం రాసి ఉంది. రెండు వాక్యాలూ ఒకే తెరమీద, ఒకదానికొకటి విరుద్ధంగా, ఇంతకాలం నిలబడి ఉన్నాయి. వందలసార్లు చూసిన తెర అది, నేను ఒక్కసారీ చదవలేదు.

అంటే హెల్ప్‌టుమ్యాన్ వాడి ఉన్నా, ఆర్గ్‌పార్స్ మ్యాన్‌పేజ్ వాడి ఉన్నా, అదే అబద్ధం చక్కటి అచ్చులో మ్యాన్ పేజీలోకి ఎక్కేది. ఆప్షన్ల జాబితా సరిగా ఉండేది, ఆయన ఫైళ్లు పోయేవి. నేను అడిగిన ప్రశ్నే సగం తప్పని ఇప్పుడు అర్థమైంది. మ్యాన్ పేజీ సహాయ పాఠంతో సరిపోవడం వేరు, సహాయ పాఠం ప్రోగ్రామ్ చేసే పనితో సరిపోవడం వేరు. మొదటిది మీరు చెప్పిన పనిముట్లు చూసుకుంటాయి. రెండోది ఎవరు చూసుకుంటారు?


తుంగభద్రతీరం — శనివారం, రాత్రి 10:25

విలువల విషయంలో కొంత ఆర్గ్‌పార్సే చూసుకుంటుంది. వివరణ వాక్యంలో డీఫాల్ట్ విలువను చేత్తో టైపు చేయకుండా, దానికి కేటాయించిన గుర్తును పెడితే, అచ్చయ్యేటప్పుడు కోడ్‌లో ఉన్న విలువే వచ్చి అక్కడ కూర్చుంటుంది. ప్రతి ఆప్షన్‌కూ విడిగా పెట్టడం శ్రమ అనుకుంటే అన్నిటికీ డీఫాల్ట్‌లను తానే చేర్చే ఫార్మాటర్ క్లాస్ కూడా ఉంది. అనుమతించే విలువల జాబితా సంగతీ అంతే. అయితే మీ సందర్భంలో మారింది ఒక విలువ కాదు, ప్రోగ్రామ్ ప్రవర్తన. దాన్ని వర్ణించే వాక్యాన్ని పార్సర్ సరిచూడలేదు. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.


పాతటెర్మినల్ — ఆదివారం, ఉదయం 8:20

అక్షరశిల్పి గారూ, మీరు ఒప్పుకున్న తీరు నాకు గౌరవంగా అనిపించింది, అందుకని మొహమాటం లేకుండా రెండు మాటలు చెబుతాను.

మొదటిది. మూల ఫైలు మీద తిరగరాయడం అడగకుండా జరగకూడదు. సెడ్ కమాండ్‌ను చూడండి, ఫైలులోనే మార్పు చేయమని విడిగా ఆప్షన్ ఇచ్చి అడిగితే తప్ప అది మూలాన్ని ముట్టుకోదు. మీ రెండో వెర్షన్‌లో ఆ అలవాటును తలకిందులు చేశారు. మాన్యువల్ సరిగ్గా ఉన్నా, చదవని మనిషికి ఇదే నష్టం జరిగేది. కనుక పత్రాన్ని దిద్దే ముందు ప్రోగ్రామ్‌ను దిద్దండి.

రెండోది మీ ప్రశ్నకు జవాబు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ ప్రాజెక్టు తన మ్యాన్ పేజీలను ఆస్కీడాక్ అనే సాదా పాఠ రూపంలో చేత్తోనే రాస్తుంది. అక్కడ ఒక కమాండ్‌కు పొట్టి హెచ్ ఆప్షన్ ఇస్తే క్లుప్తమైన వాడుక వాక్యం వస్తుంది, --హెల్ప్ అంటే పూర్తి మ్యాన్ పేజీయే తెరుచుకుంటుంది. ఈ రెండింటిలోని వాడుక వాక్యాలు చాలాకాలం పాటు చాలా చోట్ల పొసగలేదు. 2022లో వారు ఒకదాన్నుంచి మరొకదాన్ని పుట్టించే ప్రయత్నం చేయలేదు. మ్యాన్ పేజీ సినాప్సిస్‌నూ ప్రోగ్రామ్ అచ్చువేసే వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చే ఒక పరీక్షను తమ టెస్టుల్లో చేర్చారు. తేడా వస్తే పరీక్ష తప్పుతుంది. వాడుక వాక్యానికి వారు చేసిన పనినే మీరు ప్రవర్తనకు చేయవచ్చు. మీ ఎగ్జాంపుల్స్ విభాగంలో రాసే ప్రతి కమాండ్‌నూ పరీక్షల్లో నిజంగా నడపండి. 'ఈ కమాండ్ తర్వాత మూల ఫైలు ఇలా ఉంటుంది, కొత్త ఫైలు ఇలా ఉంటుంది' అని ఉదాహరణలో రాసి ఉంటే, మీరు ప్రవర్తన మార్చిన రోజునే ఆ ఉదాహరణ విఫలమయ్యేది.


చిన్నబోర్డు — ఆదివారం, ఉదయం 10:00

చర్చకు కొంచెం పక్కదైనా, సీ భాషలో రాసే వారు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను. మేము చిన్న ఆర్మ్ బోర్డుల కోసం క్రాస్ కంపైల్ చేస్తాము. బిల్డ్ చేసే యంత్రం వేరు, ప్రోగ్రామ్ నడిచే యంత్రం వేరు. హెల్ప్‌టుమ్యాన్ పేజీ తయారు చేయాలంటే ప్రోగ్రామ్‌ను నడపాలి, బోర్డు కోసం కట్టిన బైనరీ బిల్డ్ యంత్రంలో నడవదు, దాంతో బిల్డ్ మొత్తం ఆ ఒక్క మ్యాన్ పేజీ దగ్గర ఆగిపోతుంది. ఇది మాకు ఒక విడుదల ముందు రాత్రి ఎదురైంది. కోర్‌యుటిల్స్ వారు ఇందుకోసం డమ్మీ మ్యాన్ అనే చిన్న స్క్రిప్ట్‌ను కూడా తమ సోర్స్‌లో ఉంచారు. ప్రోగ్రామ్‌ను నడపలేని చోట అది నామమాత్రపు పేజీ ఒకటి పెట్టి బిల్డ్‌ను సాగనిస్తుంది. మేము మాత్రం పేజీని ముందే తయారుచేసి విడుదల టార్‌బాల్‌లో (సోర్స్ ఫైళ్ల కట్టలో) చేర్చడం అలవాటు చేసుకున్నాము. ఇన్‌స్టాల్ చేసుకునేవారికి పెర్ల్ అవసరం కూడా తప్పుతుంది.


కొత్తమొలక — ఆదివారం, మధ్యాహ్నం 12:40

అందరికీ నమస్కారం. నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. అక్షరశిల్పి గారి ప్రోగ్రామ్ వాడేవారిలో ఎక్కువమంది తెలుగువారే అయ్యుంటారు కదండీ, మరి ఆ మ్యాన్ పేజీ తెలుగులోనే ఎందుకు ఉండకూడదు? జనరేటర్లు తెలుగు పేజీని కూడా ఇవ్వగలవా? అనుభవం లేక అడుగుతున్నాను, తప్పయితే మన్నించండి.


ప్యాకేజీలపని — ఆదివారం, మధ్యాహ్నం 2:15

మంచి ప్రశ్న అడిగారు, మన్నించడానికేమీ లేదు. మ్యాన్ కమాండ్ మీ లొకేల్‌ను, అంటే మీరు ఎంచుకున్న భాష అమరికను చూసి, ఆ భాష పేజీ ఉంటే దాన్నే ముందుగా తెరుస్తుంది. తెలుగు పేజీని మ్యాన్ డైరెక్టరీలో తెలుగు భాషా సంకేతంతో ఉన్న ఉపడైరెక్టరీలో పెడితే సరిపోతుంది. ప్రోగ్రామ్ సహాయ పాఠానికి గెట్‌టెక్స్ట్ అనే అనువాద వ్యవస్థ ద్వారా తెలుగు అనువాదం ఉంటే, హెల్ప్‌టుమ్యాన్‌కు లొకేల్ ఆప్షన్ ఇచ్చి ఆ పాఠం నుంచే పేజీ తీయవచ్చు. అయితే అది 'యూసేజ్', 'ఆప్షన్స్' వంటి శీర్షికలను మాటలను బట్టి గుర్తుపడుతుంది కనుక, ఆ మాటలకు తెలుగు ఏదో దానికి కూడా తెలిసి ఉండాలి. చేత్తో రాసిన పేజీలను అనువదించాలంటే పీవోఫోర్‌ఏ అనుకూలం. మూలంలో ఒక పేరా మారితే అనువాదంలో ఆ పేరాను సందేహాస్పదంగా గుర్తించి చూపిస్తుంది, పాత అనువాదం నిశ్శబ్దంగా నిలిచిపోదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ సమాన వెడల్పు గడుల్లో అమరుస్తుంది, మన గుణింతాలూ ఒత్తులూ ఆ గడుల లెక్కకు లొంగవు. రెండు అంచులూ సమం చేయబోతే వరుసలు ఎగుడుదిగుడుగా వస్తాయి. పేజీ మొదట్లో ఎడమ అంచుకు మాత్రమే సర్దమని, మాటలను విరవవద్దని రాఫ్‌కు చెబితే చదవడానికి వీలుగా ఉంటుంది.


అక్షరశిల్పి — మరుసటి శనివారం, సాయంత్రం 5:30

వారం రోజులు దీని మీదే కూర్చున్నాను. ఏం చేశానో వివరంగా రాస్తాను, ఇదే దారిలో వచ్చే మరొకరికి ఉపయోగపడుతుంది.

ముందుగా పాతటెర్మినల్ గారి మాట ప్రకారం ప్రోగ్రామ్‌ను దిద్దాను. మూడో వెర్షన్‌లో మూల ఫైలు ముట్టుకోబడదు. దాని మీదే రాయాలంటే ఆ మాట ఆప్షన్ రూపంలో చెప్పాలి.

తర్వాత హెల్ప్‌టుమ్యాన్ ప్రయత్నించాను. తొలి పేజీ చూసి నిరాశపడ్డాను. వాడుక వాక్యం సినాప్సిస్‌లోకి వెళ్లకుండా డిస్క్రిప్షన్ కింద మామూలు పేరాగా పడింది. కారణం వెతికితే తెలిసింది, ఆర్గ్‌పార్స్ ఆ శీర్షికను ఇంగ్లిషు చిన్న అక్షరంతో మొదలుపెడుతుంది, హెల్ప్‌టుమ్యాన్ పెద్ద అక్షరంతో ఉంటేనే గుర్తుపడుతుంది. పైగా నా ఇరవైమూడు ఆప్షన్లనూ ఆర్గ్‌పార్స్ ఒక్కొక్కటిగా బ్రాకెట్లలో పెట్టి ఆరు వరుసలుగా విరిచింది. ఫార్మాటర్‌లో శీర్షికల మొదటి అక్షరాలను పెద్దవి చేసి, వాడుకను 'ఆప్షన్లు, ఆపై ఫైలు' అన్నంత క్లుప్తంగా నేనే ఒక వరుసలో ఇచ్చాను. అప్పుడు అది సినాప్సిస్‌లో కుదురుకుంది. ఇంకొక చిక్కు: ఆర్గ్‌పార్స్ టెర్మినల్ వెడల్పును బట్టి వరుసలు విరుస్తుంది కనుక, నా ల్యాప్‌టాప్‌లో ఒక పాఠం, సర్వర్‌లో ఒక పాఠం వచ్చి, ప్రతి కమిట్‌లోనూ అనవసరపు తేడాలు కనబడ్డాయి. బిల్డ్ స్క్రిప్ట్‌లో కాలమ్స్ విలువను 80గా బిగించాక ఆ గొడవ తీరింది. ఆర్గ్‌పార్స్ మ్యాన్‌పేజ్‌తో వెళ్తే ఈ తిప్పలు ఉండేవి కావని తుంగభద్రతీరం గారు ముందే చెప్పారు, అది నిజం. అయినా అచ్చైన సహాయ పాఠాన్నే ఆధారం చేసుకోవడంలో నాకొక లాభం కనిపించింది. పేజీ సరిగా రాకపోతే సహాయ పాఠమే సరిగా లేదని తెలుస్తోంది, ఇన్నాళ్లూ చదవని ఆ తెరను ఇప్పుడు చదవక తప్పడం లేదు.

జనరేటర్ రాయలేని భాగాలకు హెల్ప్‌టుమ్యాన్‌లో ఇంక్లూడ్ ఫైలు ఏర్పాటు ఉంది. విభాగం పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, కింద మన పాఠం రాస్తే అది పేజీలో సరైన చోటికి చేరుతుంది. ఎగ్జాంపుల్స్, ఎగ్జిట్ స్టేటస్, బగ్స్ అందులో రాశాను. ఆ పాఠం నేరుగా రాఫ్‌గానే వెళ్తుందన్న సంగతి మరచిపోవడం వల్ల ఒక రోజు పోయింది. 'చుక్క టీఎక్స్‌టీ ఫైళ్లను మాత్రమే చదువుతుంది' అన్న వాక్యాన్ని చుక్కతోనే మొదలుపెట్టాను. రాఫ్‌లో వరుస మొదట చుక్క ఉంటే అది ఆజ్ఞ అనుకుంటుంది. అలాంటి ఆజ్ఞ ఏదీ లేదు కనుక వాక్యం మొత్తం, ఏ హెచ్చరికా లేకుండా, పేజీలోంచి మాయమైంది. రాఫ్ పాఠాన్ని పేజీగా అమర్చే గ్నూ వారి గ్రాఫ్ ప్రోగ్రామ్‌ను హెచ్చరికలన్నీ చూపమని అడిగి నడిపాకే దొరికింది. ఇప్పుడు ఆ పరీక్ష ప్రతి బిల్డ్‌లోనూ నడుస్తుంది. ఆప్షన్ల ముందు గీతల సంగతి కూడా ఇలాంటిదే. హెల్ప్‌టుమ్యాన్ తాను రాసే గీతలకు ముందు వెనుకగీత పెట్టి మైనస్‌గా ఉంచుతుంది గానీ, నేను రాసిన ఉదాహరణల్లో ఒట్టి గీత పెట్టాను. ఒట్టి గీతను రాఫ్ పదాలను కలిపే గీతగా తీసుకుంటుంది, కొన్ని చోట్ల అది యూనికోడ్‌లోని వేరే గుర్తుగా తెరకెక్కుతుంది. దాన్ని కాపీ చేసి అతికిస్తే ప్రోగ్రామ్ దాన్ని ఆప్షన్‌గా గుర్తించక, అలాంటి పేరున్న ఫైలు లేదంటుంది. కంటికి రెండు గీతలూ ఒకేలా ఉంటాయి కనుక వాడేవారికి తప్పు ఎక్కడుందో ఎన్నటికీ తెలియదు.

ఇక ఉదాహరణలు. ఏడు కమాండ్లను ఒక ఫైలులో పెట్టాను, ఒక్కొక్కదాని కింద ఆ తర్వాత ఏ ఫైలు ఎలా ఉండాలో రాశాను. ఇంక్లూడ్ ఫైలు అందులోంచే తయారవుతుంది, టెస్ట్ స్క్రిప్ట్ కూడా దాన్నే చదివి ఒక ఖాళీ డైరెక్టరీలో ఒక్కో కమాండ్‌ను నడిపి పోలుస్తుంది. పరీక్షకు పరీక్షగా పాత రెండో వెర్షన్ కోడ్ మీద దాన్ని నడిపాను. మొదటి ఉదాహరణలోనే 'మూల ఫైలు మారింది' అని చెప్పి ఆగింది. ఆ వరుసను తెరమీద చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

కొత్తమొలక గారూ, తెలుగు పేజీ పని మీకు ఇష్టమైతే మీతో కలిసి చేయాలని ఉంది. ఉదాహరణల విభాగంతో మొదలుపెడదాం.


ప్యాకేజీలపని — మరుసటి శనివారం, రాత్రి 7:45

చాలా సంతోషం. ఒక్క సవరణ. పేజీ అడుగున హెల్ప్‌టుమ్యాన్ వేసే నెల, సంవత్సరం బిల్డ్ చేసిన రోజువి. అదే సోర్స్‌ను వచ్చే నెల బిల్డ్ చేస్తే ఫలితం మారుతుంది, ఎవరు ఎప్పుడు కట్టినా ఒకే ఫలితం రావాలన్న నియమానికి అది అడ్డు. సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు విడుదల తేదీని ఇవ్వండి, హెల్ప్‌టుమ్యాన్ దాన్నే వాడుకుంటుంది. అలాగే లెక్స్‌గ్రాగ్ కమాండ్‌తో నేమ్ వాక్యాన్ని ఒకసారి పరీక్షించండి. మ్యాన్ పేజీలను వెతికి చూపే మ్యాన్‌డీబీ ఆ వాక్యాన్ని ఎలా చదువుతుందో అది చూపిస్తుంది.


అక్షరశిల్పి — ఆదివారం, ఉదయం 9:10

రెండూ చేశాను, ధన్యవాదాలు. నిన్న రాత్రి కొత్త పేజీని ప్రెస్ మిత్రుడికి పంపాను. మొత్తం చదివి, ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకేసారి ఇస్తే మధ్యలో ఒకటి విఫలమైతే మిగిలినవి మారతాయా, ఆగిపోతాయా అని అడిగారు. పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. నడిపి చూస్తే మిగిలినవి మారుతున్నాయి, చివర, ఏదో విఫలమైందని తెలిపే ఎగ్జిట్ కోడ్ 1 వస్తోంది. ఎనిమిదో ఉదాహరణగా అది చేరింది.